అది పనికి పోతది

మా బడికి ఎవరైనా పెద్దవాళ్లు వస్తున్నారంటే ముందు మెట్లు కడుగుతారు. తర్వాత మరుగుదొడ్ల దగ్గర ఫినాయిల్ పోస్తారు. ఆ తర్వాత హెడ్‌మిస్ట్రెస్ నా తరగతి గుమ్మంలో నిలబడి, "ఇవాళ మీ పిల్లలు ఎంతమంది వచ్చారు?" అని అడుగుతుంది. నేను చెప్తాను. ఆమె నిట్టూరుస్తుంది. ఆ నిట్టూర్పు వినీ వినీ నా ప్రాణం విసిగిపోయింది.

ముంబయి కామాఠీపురాలో మునిసిపల్ బడి మాది. ఒకే భవనంలో మరాఠీ, హిందీ, ఉర్దూ మీడియంలు ఉంటాయి. పై అంతస్తులో, మూల గదిలో, మిగిలిన ఒక్క తెలుగు తరగతి నాది. నేను ఇదే బడిలో చదువుకున్నప్పుడు బెంచీ మీద చోటు కోసం జుట్లు పట్టుకునేవాళ్లం. ఇప్పుడు ఇక్కడి పాత తెలుగు కుటుంబాల పిల్లలు ఇంగ్లీషు మీడియానికి వెళ్లిపోయారు. ఇంట్లో కూడా మరాఠీలోనే పోట్లాడుకుంటారు. నా దగ్గరికి వచ్చేది మహబూబ్‌నగర్ వైపు నుంచి బిల్డింగు పనులకు వచ్చినవాళ్ల పిల్లలు. పని ఎటు ఉంటే అటు పోయే కుటుంబాలు. ఇవాళ ఉన్న పిల్ల రేపు ధారావిలో ఉంటుంది, ఎల్లుండి ఇంకెక్కడో. సంఖ్య తగ్గిందని ప్రతి ఏడాదీ నా తరగతిని హిందీలో కలిపేస్తామంటారు. ప్రతి ఏడాదీ నేను ఆఫీసుల చుట్టూ తిరిగి, కాళ్లావేళ్లా పడి, ఆపించుకుంటాను. ఈ గది మూతపడకూడదు. నాకు మరో కోరిక లేదు. ఉన్నా, ఆ మెట్లెక్కి వచ్చేసరికి ఊపిరితోపాటు పోతుంది.

అలాంటి రోజుల్లో ఆ విదేశీ మేడమ్ వచ్చింది. మూడు దేశాల విశ్వవిద్యాలయాలు కలిసి చదువులో ఏదో కొత్త పద్ధతి తయారుచేస్తున్నాయట, అందులో మా బడిని కూడా చూస్తారట. అంతకుముందు వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. ఒకళ్లు రంగు బంతులు ఇచ్చారు, ఒకళ్లు చేతులు కడుక్కోవడం నేర్పారు. మా పిల్లలుండే చాల్‌లలో, ఆ ఇరుకు గదుల వరసల్లో, నల్లా పొద్దున కాసేపే వస్తుందని వాళ్లకెవరూ చెప్పలేదు. అందుకే ఈమెను కూడా కుర్చీ వేసి కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, ఎప్పుడు లేస్తుందా అని చూశాను.

ఆమె లేవలేదు. పిల్లల మధ్య నేలమీద కూర్చుంది. నా వచ్చీరాని ఇంగ్లీషును ఓపిగ్గా వింటూ తన పద్ధతి చెప్పింది. పిల్లలు తమ ఇంటి గురించి, తమ మాటల్లో, నోటికొచ్చినట్టు చెప్తారు. ట్యాబ్ దాన్ని రికార్డు చేస్తుంది. ఆ మాటల్నే అచ్చువేసి వాళ్లకు పాఠాలుగా ఇస్తారు. తను మాట్లాడిన మాటే తన పుస్తకంలో కనిపిస్తే పిల్ల త్వరగా చదవడం నేర్చుకుంటుంది. మూడు దేశాల్లో, రకరకాల భాషల్లో దీన్ని చేసి చూస్తున్నారు. ప్రాజెక్టు నడిచినన్నాళ్లు నా తరగతి జోలికి ఎవరూ రారు.

నిజం చెప్తున్నాను, నాకు కళ్లు చెమర్చాయి. తరగతి నిలబడుతుందని మాత్రమే కాదు. చిన్నప్పుడు నేను "నల్లా" అంటే మా టీచర్ అరచేతి మీద స్కేలుతో కొట్టి "కుళాయి" అనిపించేది. మా చాల్‌లో ఏ కుళాయిలోనూ ఎన్నడూ నీళ్లు రాలేదు, వస్తే నల్లాలోనే వచ్చాయి. అక్కడెక్కడి నుంచో వచ్చే వాచకాల్లో ఏరూ, పొలంగట్టూ ఉంటాయి. మా పిల్లలకు తెలిసింది గల్లీ, గదుల ముందు వసారాలాంటి గ్యాలరీ, పొద్దున్నే కూలీలు నిలబడే నాకా. మన తెలుగు, మన నోట్లో ఉన్న తెలుగు, మొదటిసారి పాఠం కాబోతోందే అనుకున్నాను. ఆ వారమంతా మెట్లెక్కుతుంటే మోకాళ్ల నొప్పి కూడా గుర్తు రాలేదు.

పిల్లలందరిలో బాగా మాట్లాడింది ఒక అమ్మాయి. పాలమూరు నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు. బక్కపల్చటి పిల్ల, నోరు మాత్రం గంట. తల్లీ కూతురూ ఇద్దరే ఉంటారు. తల్లి నాకాలో నిలబడి, ఎవరు పిలిస్తే వాళ్ల వెంట సిమెంటు పనికి పోతుంది. ట్యాబ్ ముందు కూర్చోబెట్టగానే పిల్ల గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"మాయమ్మ పొద్దుగాల్నే లేస్తది. నాకాకు పోతది. ఎవలన్న పిలిస్తే అది పనికి పోతది, లేకుంటే ఇంటికొస్తది. అది ఒచ్చినంక ఇద్దరం చాయ్ తాగుతం. దాని కాళ్లకు సిమెంటు పట్టుకొని ఉంటది. నేను గోర్లతోని గీకుతా. గట్టిగ గీకితే అది కొడతది. మల్ల నవ్వుతది."

నేను పక్కనే నిలబడి విన్నాను. ఒక్క ముక్క మార్చక్కర్లేదు అనుకున్నాను. అంతకన్నా మంచి పాఠం నేనైతే చచ్చినా రాయలేను.

కొన్ని వారాల తర్వాత హెడ్‌మిస్ట్రెస్ గదిలో కంప్యూటర్ ముందు మీటింగు పెట్టారు. తెరమీద ఒక గడిలో విదేశీ మేడమ్, ఇంకో గడిలో ఈ ప్రాజెక్టుకు భాషా సలహాదారుగా పెట్టుకున్న తెలుగు ప్రొఫెసర్, హైదరాబాదు నుంచి. మేడమ్ ముఖం వాడిపోయి ఉంది. పిల్లల మాటల్ని యంత్రం ఇంగ్లీషులోకి మార్చిందట. వాటిని చదివి వాళ్ల బృందం చాలా కలత పడిందట. మా అమ్మాయి పాఠం తెరమీద పెట్టింది. చూసి నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. "అది పనికి పోతది" అన్నచోట ఇంగ్లీషులో బల్లకూ, బకెట్టుకూ వాడే మాట పడింది. ఆ పిల్ల తల్లి ఇంగ్లీషులో మనిషి కాదు, ఒక వస్తువు. వస్తువు లేస్తోంది, వస్తువు చాయ్ తాగుతోంది, వస్తువు కాళ్లకు సిమెంటు అంటుకుంటోంది.

"ఇక్కడి పిల్లలు తల్లుల్ని మనుషులుగా చూడలేకపోతున్నారు," అంది మేడమ్, గొంతు తగ్గించి. "ఈ ప్రాంతంలో ఆడవాళ్ల పరిస్థితి మాకు తెలుసు. ముందు పిల్లల మనసులకు చికిత్స కావాలి."

ఈ ప్రాంతమట! కామాఠీపురా పేరు చెప్తే చాలు, లోకానికి ఒళ్లమ్ముకునే ఇళ్లొక్కటే గుర్తొస్తాయి. కామాటి అంటే కట్టుబడి పనివాడని, మా ముత్తాతలు ఈ ఊరికి రాళ్లు మోయడానికి వచ్చారని, ఈ గల్లీల్లో మామూలు సంసారాలు కూడా ఉంటాయని ఎవరికి పట్టింది? నాకు ఒళ్లు మండిపోయింది. మండిపోతూనే పకపకా నవ్వు వచ్చింది. నోరు మూసుకోమని బల్ల కింద హెడ్‌మిస్ట్రెస్ నా కాలు తొక్కింది.

"ఓసి నా తల్లో," అన్నాను మేడమ్‌తో, తెలుగులోనే. తర్వాత ఇంగ్లీషు కూడదీసుకుని చెప్పాను. మా భాషలో మగవాడొక వైపు, మిగతా లోకమంతా ఒక వైపు. ఆడమనిషి, ఆవు, వాన, అన్నిటికీ ఒకటే మాట. అందులో చిన్నచూపు లేదు. మా వాళ్లలో ఎంత దగ్గరైతే అంత "అది". కూతురు అది, చెల్లెలు అది, ప్రాణం పెట్టే స్నేహితురాలు అది. మా పిల్లలకు అమ్మ కూడా అదే. ఎవరో బయటి మనిషైతే "ఆమె". కోపం వచ్చి మాటలు మానేస్తే అప్పుడు "ఆవిడగారు". పోచమ్మకు బోనం ఎత్తేటప్పుడు "తల్లి సల్లగ చూస్తది" అంటాం. "అమ్మవారిని కూడా మేం వస్తువనుకుంటున్నామా మేడమ్?" అని అడిగాను.

పాపం, ఆమె మంచిదే. నుదురు పట్టుకుని, సిగ్గుపడి, నాకు మూడుసార్లు క్షమాపణ చెప్పింది. "అయితే ఇక్కడ అసలు సమస్యే లేదన్నమాట," అంది, ముఖం విప్పారి. నేను హమ్మయ్య అనుకున్నాను. ఆ పాఠం అలాగే అచ్చవుతుందనుకున్నాను.

అప్పుడు ప్రొఫెసర్ గొంతు సవరించుకున్నాడు.

"వ్యాకరణం వరకు టీచర్‌గారు చెప్పింది నిజమేనండీ," అన్నాడు. "కానీ కన్నతల్లిని 'అది' అనడం మర్యాద కాదు కదా. చదువుకున్న ఇళ్లలో అలా అనరు. మూడు దేశాలవాళ్లు చూసే పాఠంలో ఆ భాష పెడితే మన తెలుగు గురించి ఏమనుకుంటారు?"

"పిల్లల మాటే పాఠమన్నారు కదండీ," అన్నాను.

"పిల్లల మాటే. కాస్త శుద్ధి చేసిన మాట."

"శుద్ధి చేస్తే అది ఆ పిల్ల మాట ఎలా అవుతుంది?"

"మీరు భావోద్వేగంతో మాట్లాడుతున్నారు మేడమ్," అన్నాడు నవ్వుతూ.

భావోద్వేగమట. ఈమె ఇంగ్లీషులో చదివి పొరబడింది, పోనీలే అనుకోవచ్చు. తెలుగు వచ్చినవాడు, తెలుగు విని, తెలుగులోనే ఇలా అంటే ఎవరితో మొర పెట్టుకోను? విదేశీ మేడమ్ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తెలుగు గురించి తెలుగువాళ్లే తేల్చుకోవాలి, తను జోక్యం చేసుకోకూడదు అంది. పద్ధతి గల మనిషి మరి. చివరికి చికిత్స పోయి, దాని స్థానంలో "మర్యాద మాటలు" అని కొత్త భాగం వచ్చింది. పాఠాలన్నీ దాని ప్రకారం తిరిగి రాయాలన్నారు.

మీటింగు అయ్యాక నేను ఇంకా గొణుగుతుంటే హెడ్‌మిస్ట్రెస్ హిందీలో ఒకే మాట అడిగింది. "మీకు తరగతి కావాలా, ఆ 'అది' కావాలా?"

ప్రొఫెసర్‌కు రెండుసార్లు ఫోన్ చేశాను, నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఆయన ఓపిగ్గా విని, ఓపిగ్గా కాదన్నాడు. పైనుంచి కాగితం వచ్చింది, నా తరగతిని కలపడం లేదని. ఆ కాగితం కోసమే ఎన్నో ఏళ్లు తిరిగాను. చేతికి వచ్చాక సంతోషపడటానికి కూడా ఓపిక లేకపోయింది. ఇంటికెళ్లి గ్యాలరీలో కుర్చీ వేసుకుని ఊరికే కూర్చున్నాను.

పిల్లలు మర్యాద మాటలు ఇట్టే నేర్చుకున్నారు. అంత త్వరగా నేర్చుకోవడం చూసి నాకే కోపం వచ్చింది. మొదట్లో అదో ఆటగా ఉండేది వాళ్లకు. "ఆమె గారు వచ్చినారండీ" అని ఒకళ్లనొకళ్లు ఏడిపించుకునేవాళ్లు. రానురాను నవ్వడం మానేశారు. బళ్లో మాట్లాడేటప్పుడు తడుముకుని, మనసులో సర్దుకుని, అప్పుడు నోరు విప్పేవాళ్లు. ఆ గంటలాంటి పిల్ల కూడా మాటకూ మాటకూ మధ్య ఆగి నా ముఖం చూసేది, సరిగ్గా అన్నానా బాయీ అన్నట్టు. మా బడిలో టీచర్ని మరాఠీ పద్ధతిలో బాయి అంటారు. ఆ ఒక్కదాన్ని ఎవరూ శుద్ధి చేయలేదు.

ఏడాది చివర దాదర్‌లో ఒక హాలులో ప్రాజెక్టు సభ పెట్టారు. విదేశీ మేడమ్ మళ్లీ వచ్చింది. పిల్లల తల్లిదండ్రుల్ని తప్పకుండా తీసుకురమ్మన్నారు. నాకాకు పోవడం మానుకుని వచ్చింది ఆ అమ్మాయి తల్లి. నలగని చీర కట్టుకుని, తలకు నూనె పెట్టుకుని, నా పక్క కుర్చీలో చివరంచున కూర్చుంది. ఏసీ చలికి కొంగు కప్పుకుంది. "ఏమో బాయీ, నాకు భయమైతుంది," అంది. "నీ బిడ్డను తెరమీద చూపిస్తారు, చూడు," అన్నాను.

దీపాలు తగ్గించారు. తెరమీద పిల్ల వచ్చింది, రెండు జడలు, కొత్త యూనిఫాం. కింద ఇంగ్లీషు అక్షరాలు నడుస్తున్నాయి, ఈసారి తప్పుల్లేకుండా.

"మా అమ్మగారు ఉదయాన్నే నిద్ర లేస్తారు. ఆమె పనికి వెళతారు. ఆమె తిరిగి వచ్చిన తరువాత మేము టీ తాగుతాము. ఆమె పాదాలకు సిమెంటు అంటుకుని ఉంటుంది. నేను శుభ్రం చేస్తాను. ఆమె సంతోషిస్తారు."

హాలంతా చప్పట్లు. తల్లి కూడా అందరితోపాటు కొట్టింది. ముఖం వెలిగిపోతోంది.

"ఎంత మంచిగ మాట్లాడుతుంది బాయీ ఇది, టీవీల లెక్క," అంది. తర్వాత నా చెవి దగ్గరికి వంగి అడిగింది. "ఎవలమ్మ గురించి చెప్తుంది?"

"నీ గురించే," అన్నాను.

"నా గురించా?" మళ్లీ తెరవైపు చూసింది. అప్పటికి అక్కడ వేరే దేశం పిల్లలు వచ్చారు. ఆమె చప్పట్లు ఆగిపోయాయి. చేతులు కొంగులోకి లాక్కుంది.

"మరి ఆమె ఆమె అంటుందేంది బాయీ?" అంది మెల్లగా. "నేనేమన్న అన్ననా దాన్ని? నా మీద అలిగిందా?"

"లేదే, అలగలేదు," అన్నాను.

"మరి?" అంది.

వేదిక మీద నుంచి నన్ను పిలుస్తున్నారు. విదేశీ మేడమ్ శాలువా పట్టుకుని నవ్వుతూ నిలబడి ఉంది. ఆ తల్లి నా ముఖంలోకే చూస్తోంది. రెండోసారి పిలిచారు. లేచి వెళ్లాను.