గోడ మీద నీలం వైరు

మా చిన్నప్పుడు... మా ఇంటికీ చిన్నాయన ఇంటికీ మధ్య ఒక పొట్టి గోడ, ఆ గోడ మీదుగా ఒక నీలం వైరు ఉండేవి. వైరుకు ఈ కొసన నాయన కంప్యూటరు, ఆ కొసన చిన్నాయన కంప్యూటరు.

ధర్మవరంలో మాది పట్టుచీరల డిజైన్ల పని. అంచులు, కొంగులు నాయన కంప్యూటర్లో గీసేవాడు. ఆ ఫైలును చిన్నాయన వైరు మీదుగా తీసుకుని, మగ్గానికి కావలసిన అట్టలకు మిషన్‌తో చిల్లులు కొట్టేవాడు. ఆ చిల్లుల్ని బట్టే చీర మీద నెమలో, మామిడిపిందో దిగుతుంది.

అంతా బాగానే సాగేది... నాయన పెన్‌డ్రైవ్ నుంచి చిన్నాయన కంప్యూటర్‌కు వైరస్ అంటుకునేదాకా.

"నీ పెన్‌డ్రైవ్ ఇంక నా గడప తొక్కేదానికి లేదు" అన్నాడు చిన్నాయన.

"పెన్‌డ్రైవే కాదప్పా, నేనూ తొక్కను పో" అన్నాడు నాయన.

అంతే... మాటలు బంద్. ఆషాఢం కావడంతో కొత్త ఆర్డర్లు లేవు, కోపం పెంచుకోవడానికి బోలెడు తీరిక. ఎప్పుడన్నా చెప్పాల్సింది ఉంటే మధ్యలో నేను. గోడవతలే ఉన్న తన తమ్ముడికి బాగా వినపడేలా "మీ చిన్నాయనకు చెప్పు పాపా" అనేవాడు నాయన. నేను నోరు తెరిచేలోపే అటునుంచి జవాబు... అదీ నాకే!

ఒకరోజు పొద్దున్నే నరసన్న వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. ఊళ్ళో అందరి పెళ్ళిళ్ళకూ చీరలు నేసిన మనిషి... మొదటిసారి సొంత కూతురి పెళ్ళిచీర మగ్గం ఎక్కించాడు. కొంగుకు అట్టలు లేక మగ్గం ఆగిపోయింది. శ్రావణం వచ్చేసింది, ముహూర్తం ముంచుకొస్తోంది. ఆ రోజు అట్టలు అందకపోతే, ఆ పిల్ల ఎవరో నేసిన చీర కొనుక్కుని పీటల మీద కూర్చోవాల్సిందే.

నాయన డిజైన్ సిద్ధంగా ఉంది. అటుపక్క చిన్నాయన మౌసు టకటకా నొక్కుతున్నాడు.

"పాపా, మీ నాయన కంప్యూటర్ ఈడ నా తెర మీద కనపడ్లేదని చెప్పు."

"కనపడకుండా యాడికి పోతాది? కండ్లు తెరిచి చూడమను."

మొదటి అనుమానం మా అవ్వ మీద. వైరు మీద తడిచీర ఆరేయడం ఆమెకు అలవాటు. "తాడు కట్టీండ్రా అంటే ఇద్దరికీ తీరుబాటు లేదు. ఇదన్నా ఉండాదని ఏసినా" అని గొణుక్కుంటూ చీర తీసుకుపోయింది. కంప్యూటర్ మాత్రం కనపడలేదు.

రెండో అనుమానం ఎలుక మీద. నన్ను గోడ ఎక్కించారు. వైరు పొడుగునా తడిమి చూశాను... ఎండకు రంగు వెలిసిందేగానీ ఒక్క పంటిగాటు లేదు. వైరు గుచ్చిన చోట రెండు వైపులా లైట్లు మిణుకు మిణుకుమంటున్నాయి, అంటే వైరు బాగానే ఉంది.

"ఏమప్పా, అరిస్తే వినపడే దూరానికి ఈ తీగెందుకు?" అన్నాడు నరసన్న. "నా బిడ్డకు తాళి కట్టే టయానికి గూడా మీరు లైట్లే చూసుకుంటా ఉంటారా?"

చిన్నాయన మెత్తబడ్డాడు. నన్ను దగ్గరికి పిలిచి గొంతు తగ్గించాడు. "పాపా... పక్క కంప్యూటర్లు కనపడే సెట్టింగు నేనే తీసేసినా. మళ్ళా వైరస్ వస్తాదని. ఇప్పుడు పెడతాండా. మీ నాయనకు చెప్పాకు."

నేను చెప్పాల్సిన పనేముంది... గోడవతల చెవులు ఉన్నాయిగా! "చూసినావా పాపా! ఎలుక యాడుండాదో తెలిసిందా?" అని గెలిచినట్టు మీసం దువ్వుకున్నాడు నాయన.

అంతలో అటునుంచి ఇంకో కేక. "కనపడిందిలే గానీ... పాస్‌వర్డ్ అడుగుతాండాది! ఇదెప్పటి నుంచి పాపా?"

నాయన చెయ్యి మీసం మీదే ఆగిపోయింది. పెన్‌డ్రైవ్ గొడవ రోజే ఆయనా తాళం బిగించుకున్నాడన్నమాట...

"ఏమి పెట్టినాడో అడుగు పాపా."

"అది... నోటితో చెప్పేది కాదని చెప్పు."

"అయితే రాసియ్యమను."

"రాసేదీ కాదని చెప్పు!"

నరసన్న లేచి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "నేను పోతా. అంగట్లో దొరికిన చీరే కట్టుకుంటాదిలే నా బిడ్డ."

ఆ మాటకు నాయన చెప్పులు కూడా వేసుకోలేదు. వీధిలోంచి చుట్టూ తిరిగి పోయి, తొక్కనన్న గడప తొక్కాడు. వెనకే నేను. చిన్నాయనను పక్కకు జరిపి, కీబోర్డును కడుపులో దాచుకున్నట్టు వంగి, ఒంటివేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. తెర మీద చుక్కలే పడ్డాయి గానీ, ఆ వేలు అంత నిదానంగా తిరుగుతుంటే ఎవరికైనా తెలిసిపోతుంది.

బుడ్డోడు.

అవ్వ చిన్నాయనను పిలిచే ముద్దుపేరు...

"ఏమన్నా, నా పేరు పెట్టి నాకే తాళమేసినావా?"

"వేరేదైతే నాకు గుర్తుండదురా" అన్నాడు నాయన, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

ఆ మాట నాతో కాదు... నేరుగా తమ్ముడితోనే!

ఫైలు దాటింది. సాయంత్రానికి అట్టల కట్ట నరసన్న సైకిలెక్కింది. ఆ పూట నాయన చిన్నమ్మ చేసిన ఉగ్గాని తినిగానీ ఇంటికి రాలేదు. వైరు మీద అవ్వ చీర మళ్ళీ ఎక్కింది.

పెళ్ళికి అందరం పోయాం. నరసన్న కూతురు ఆ చీరలో నడిచొస్తుంటే, వచ్చినవాళ్ళందరికీ కొంగు పట్టి చూపించేదాకా ఆయన ఊరుకోలేదు. పందిట్లో నాయనా చిన్నాయనా మాత్రం ఆ కొంగు మీది నెమలి అందం గీతదా, చిల్లులదా అని గట్టిగట్టిగా తగువులాడుకున్నారు... నన్ను మధ్యలో పెట్టకుండా!

ఇప్పుడు అనంతపురంలో నేనుండే హాస్టల్ గదిలో ఏ వైరూ లేదు. చెయ్యి చాస్తే అందే మంచం మీదున్న అమ్మాయి, ఫ్యాన్ తగ్గించమని నాకు ఫోన్‌లో మెసేజ్ పెడుతుంది. నేను బొటనవేలి బొమ్మ పంపించి తగ్గిస్తాను. పాస్‌వర్డ్ ఎవరి పేరని అడిగేవాళ్ళు లేరు, ఉన్నా చెప్పేవాళ్ళం కాదు...

ఊళ్ళో ఆ నీలం వైరు ఇంకా గోడ మీదే ఉంది. అందులో ఫైళ్ళు పోక చాలా కాలమైంది. అమ్మ తువ్వాళ్ళు ఆరేస్తుంది.

మరి మీ ఇంట్లో... అలిగిన పెద్దల మధ్య మాటలు మోసే ఉద్యోగం ఎవరిది? నాలాంటి వాళ్ళుంటే కింద కామెంట్లలో చేయెత్తండి...