ఆగస్టు ఫొటోలో లేని నీళ్లు

“నా మూలంగా ఆ నేల పోతుందేమో, ఆర్డిస్. నిన్నటి నుంచీ తిండి సయించడం లేదు.”

మారెన్ ఆ మాట అన్నప్పుడు ఆర్డిస్ హోవ్‌లాండ్ బల్ల మీద నుంచి తల ఎత్తలేదు. నార్త్ డకోటాలోని ఆ సర్వే ఆఫీసులో విమానంలోంచి తీసిన ఫొటోలు చూడడమే ముప్పై ఏళ్లుగా ఆవిడ పని. రెండు భూతద్దాల పరికరం కింద జంట ఫొటోలు పెడితే నేల ఎత్తుపల్లాలతో లేచి నిలబడుతుంది. ఏది పచ్చిక, ఏది రెల్లు, ఏది బురద అన్నది ఆవిడ రంగు చూసి చెప్పేస్తుంది. బాతులకూ కప్పలకూ ఆ చోటు ఎంత పనికొస్తుందో పదికి ఇన్ని అని మార్కు వేస్తుంది. మధ్యాహ్నం వెన్నా చక్కెరా రాసిన ఆలుగడ్డ రొట్టె చుట్టి, పక్కవాళ్ల చేతిలో ఒకటి పెట్టాకే తాను తింటుంది.

మారెన్ వృక్షశాస్త్రం చదివి కొత్తగా చేరింది. ఇంట్లో ఎనిమిది నెలల పిల్లాడు. వాడికి జ్వరమని పొలం చూడడానికి వెళ్లకుండా, ఫొటో ఒక్కటే చూసి క్వామ్ అనే రైతు కుటుంబం బీడుకు రెండు మార్కులు వేసింది. మార్కు తక్కువని కొత్త రోడ్డును పటంలో దాని మీదుగానే గీశారు. నివేదిక శుక్రవారం వెళ్లిపోతుంది.

ఫొటో ఏ నెలదని ఆర్డిస్ అడిగింది. ఆగస్టుదని చెప్పింది మారెన్.

“ఆగస్టులో మా ఆయన బట్టతల కూడా ఎండిన బీడులాగే ఉంటుంది. దానికీ మార్కు వేస్తావా ఏంటి?”

ఆర్డిస్ సొరుగు వెతికి అదే బీడుకు పాత మే నెల ఫొటో తీసింది. ఆగస్టు ఫొటోలో గోధుమరంగు నేల ఉన్నచోట పదకొండు నల్లటి గుండ్రాలు. వసంతంలో మంచు కరిగి నిలిచి, ఆగస్టుకల్లా ఎండిపోయే మడుగులు. మారెన్ వెంటనే తాను వేసిన రెండు అంకెను కొట్టేయబోయింది. ఆర్డిస్ ఆమె చేతిలోంచి పెన్సిల్ లాగేసుకుంది.

“ఇది కూడా పాతదే కదమ్మా. పద, బూట్లు వేసుకో.”

ఏప్రిల్ చివరి రోజులవి. రెండో మడుగులోనే మారెన్ ఎడమ బూటును బురద పట్టేసుకుంది. ఆమె ఒంటికాలి మీద ఊగుతుంటే రెల్లులోంచి బాతుల గుంపు లేచింది. ఆర్డిస్ వాటిని లెక్కపెడుతూనే భుజం అందించింది. శుక్రవారం నివేదిక ఎనిమిది మార్కులతో వెళ్లింది, రోడ్డు అరమైలు ఉత్తరానికి జరిగింది.

ఆ రోజు బీడు నుంచి తిరుగుదారిలో ఆర్డిస్ చెప్పింది: “ఒక్క ఫొటోతో ఏ నేలనూ తేల్చేయకు. ఇంకో నెలలో ఎలా ఉందో చూడు. ఆ తర్వాత వెళ్లి అందులో నిలబడు.”

ఆర్డిస్ రిటైరయ్యాక ఇప్పుడు ఆ బల్ల మారెన్‌ది. మే ఫొటో దొరికేదాకా ఆమె మార్కు గడి ఖాళీగానే ఉంచుతుంది. దొరికాక కూడా, కాళ్లు తడిశాకే అంకె వేస్తుంది.