గాలి మళ్లేలోగా అమ్మాల్సిన ఇల్లు

"...అయితే నన్నేం చెయ్యమంటారు? ఆబ్దికం పెట్టకుండా గేటుకి అమ్మకం బోర్డు కట్టమంటారా? అప్పుడు మాత్రం ఊరుకునేవారా మీరు?"

చంటి గేటు గడియ మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. లోపల మంగాయమ్మ గట్టిగానే పోట్లాడుతోంది. కాసేపు చప్పుడు లేదు, అవతలి మనిషి జవాబు చెప్తున్నంతసేపు. మళ్లీ ఆవిడే అందుకుంది. ధనుర్మాసం నెలగంట పెట్టేశాక హిందువులెవరూ ఇల్లు కొనరని తనకీ తెలుసంది. సంక్రాంతి దాటేదాకా ఆగితే ఏమవుతుందో మీకు తెలీదా అంది. "మీకు చెప్పకుండా పోతున్నానని మాత్రం అనకండి."

తణుకు నుంచి ఆవిడ అన్నగారొచ్చాడు కాబోలనుకున్నాడు చంటి. తీరా వెళ్తే వరండాలో ఆవిడ ఒక్కతే ఉంది, చేతిలో తడిగుడ్డతో. ఎర్రగచ్చు అద్దంలా ఉంది. అయినా తుడుస్తోంది.

"ఏటి పిన్నీ, ఎవలితోటి?"

"ఎవరితో ఏవిటి నాయనా, మీ బాబాయితో." కుళాయి వచ్చిందా అంటే వచ్చిందన్నంత మామూలుగా చెప్పింది.

ఆ బాబాయికి, మంగాయమ్మ మొగుడు గవర్రాజుకి, మొన్ననే రెండో ఆబ్దికం పెట్టారు.

చంటి డిగ్రీ రెండో ఏడులో చదువు ఎగ్గొట్టి, పాత స్కూటరు మీద ఇళ్లు చూపించి బతుకుతున్నవాడు. నోటికి అడ్డులేదు. "బాబాయికి కూడా కమీషనివ్వాలేటి?" అన్నాడు. ఆవిడ నవ్వలేదు. వాడికి కొంచెం భయం వేసింది. ఆ సంగతి ఒప్పుకోలేక గోడకి కొట్టిన సున్నం ఆరిందో లేదో చూడ్డానికి లేచాడు.

మంగాయమ్మది తణుకు దగ్గర పల్లె. పదిహేడో ఏట గవర్రాజు వెనకాల విశాఖపట్నం రైలెక్కింది. ఆయన హార్బర్‌లో క్రేను నడిపేవాడు. వన్ టౌన్‌లో నూట ఇరవై గజాలు కొని, రెండు గదులూ వరండా వేసుకుని, ఒక మార్గశిరంలో పాలు పొంగించారు. ఇల్లు ముత్యంలా ఉందని పుట్టింటికి ఉత్తరం రాసుకుంది. రెండో నెలకి గాలి మళ్లింది.

ఆ వీధిలో పుట్టినవాళ్లకి గాలిని బట్టే నెలలు తెలుస్తాయి. కార్తీకం నుంచి పుష్యం దాకా గాలి ఈశాన్యం నుంచి వీచి, రేవులోని బొగ్గు గుట్టల పొడిని వీధి మీదికి రానివ్వకుండా అవతలికి తోసేస్తుంది. మాఘంలో తిరగబడి నైరుతి నుంచి వీచిందంటే ఆ పొడంతా వీధి మీదే. పరుపు మీద, పెరుగు మీద, ఉయ్యాల్లో పిల్ల కనురెప్పల మీద. అప్పుడు అర్థమైంది మంగాయమ్మకి, ఆ స్థలం అమ్మినవాడు చలికాలంలోనే ఎందుకు తొందరపెట్టాడో. ఇరవై ఏళ్లపాటు రోజుకి మూడుసార్లు గచ్చు తుడిచింది. కిటికీలకి తడి గోనెపట్టాలు కట్టింది. ఎండాకాలం పెట్టుకోవాల్సిన వడియాలు పుష్యంలో పెట్టుకుంది. మంచులో వడియాలేమిటని తణుకు వాళ్లు నవ్వితే, మా ఊళ్లో అంతేలెండి అని ఊరుకుంది.

ఇప్పుడు ఇంటికొచ్చిన చిక్కూ అదే. కొనేవాళ్లు దొరికే నెలల్లో పొడి ఉంటుంది, పొడి లేని నెలల్లో ముహూర్తాలుండవు. మధ్యలో కార్తీకం ఒక్కటే దారి. అప్పుడే బోర్డు కట్టమని చంటి కాళ్లావేళ్లా పడ్డాడు. ఆబ్దికం కానిదే కదలనంది. ఆబ్దికం అయిన నాలుగో రోజుకి నెలగంట పెట్టారు.

"పోనీ కూతురి దగ్గరికి ఇప్పుడే ఎల్లిపో పిన్నీ. ఇల్లు నాను నెమ్మదిగా అమ్మి పెడతాను." కూతురు ధనశ్రీ కూర్మన్నపాలెంలో ఉంటుంది. రమ్మని రోజూ అంటూనే ఉంది.

మంగాయమ్మ గుడ్డ బకెట్‌లో పడేసింది. ఇల్లు తన పేరున ఉన్నంతకాలం ఎక్కడికెళ్లినా ఒకటేనంది. తర్వాత, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు, అసలు విషయం చెప్పింది. ఆయన పోయింది మార్గశిరంలో. మాఘంలో గాలి మళ్లిన మొదటి రోజు తెల్లవారి, వరండా గచ్చు మీద పరుచుకున్న నల్లపొడిలో అడుగులు కనిపించాయి. గుమ్మం నుంచి మొదలై ఆయన కూర్చునే కుర్చీ దాకా ఉన్నాయి. తిరిగి వెళ్లినవి లేవు. ఎడమ పాదానికి నాలుగే వేళ్లు. చిన్నప్పుడు బండిచక్రం కింద పడి ఆయనకి చిటికెనవేలు పోయింది. పొడి ఉన్నన్నాళ్లూ, ఎన్నిసార్లు తుడిచినా, అడుగులున్నాయి. కార్తీకం వచ్చి గచ్చు శుభ్రపడగానే కనపడ్డం మానేశాయి. మరుసటి మాఘంలో మళ్లీ.

"చలికాలంలో ఆయన రారో, వచ్చినా నాకు తెలీటంలేదో అర్థంకాదు. కనపడ్డప్పుడే నయం నాయనా. కనపడనప్పుడు ఏ మూల కాలు పెట్టాలన్నా భయం." అయినా మూడోసారి ఆ అడుగులు చూసే ధైర్యం తనకి లేదు, గాలి మళ్లేలోగా ఈ ఇంటికీ తనకీ సంబంధం తెగిపోవాలి. అంతకుమించి ఏమీ అడగనంది.

పిల్లి అయ్యుంటుందన్నాడు చంటి. పిల్లికి మడమ ఉంటుందా అని అడిగిందావిడ.

వాడు ఊరంతా గాలించి, నెలతో పనిలేని బేరం పట్టుకొచ్చాడు. నజీర్ అహ్మద్‌ది తగరపువలసలో పరుపుల దుకాణం. పట్నంలో ఇల్లు కొని వ్యాపారం పెంచాలని ఉంది, రంజాన్ లోపల తేలిపోవాలి. క్రిస్మస్ సెలవు రోజున భార్య జమాలున్నీసాతో వచ్చాడు. ముందు రోజే చంటి గోనెపట్టాలు పీకేశాడు, మేకుల కన్నాలు పూడ్చాడు, కరివేపాకు చెట్టుని సైతం కడిగాడు. గాలి గురించి నోరెత్తొద్దని పిన్నికి పదిసార్లు చెప్పాడు. డాబా ఎక్కి చూడ్డం మాత్రం మర్చిపోయాడు.

నజీర్‌కి ఇల్లు నచ్చింది. "మీ పంతులు వద్దన్న నెల నాకు కలిసొచ్చింది బావా," అని చంటి భుజం తట్టాడు. జమాలున్నీసా డాబా మీదికెళ్లి అక్కడే ఆగిపోయింది. పాత చీర మీద గుమ్మడి వడియాలు వరసగా పెట్టి ఉన్నాయి.

"ఇదేటమ్మా, ఈ సలిలో వడియాలు? మంచుకి ఆరతాయా?"

పండక్కి కావాలి కదా అని చంటి అడ్డుపడ్డాడు. ఆవిడ వినిపించుకోలేదు. డాబా అంతా కలయచూసి, ఎండాకాలమంతా ఇక్కడే దూది ఆరబోసుకోవచ్చని మొగుడితో మురిసిపోతూ చెప్పింది. తెల్లగా పొంగిపోతుందంది.

మంగాయమ్మ పిట్టగోడ పట్టుకుని నిలబడింది. చంటి కళ్లతోనే బతిమాలాడు. ఈ ఒక్క గడియ నోరు మూసుకుంటే చాలు, మాఘానికి ఆవిడ కూర్మన్నపాలెంలో ఉంటుంది.

"ఎండాకాలం ఈ డాబా మీద ఏదీ ఆరెయ్యకూడదు తల్లీ," అంది మంగాయమ్మ. "అందుకే వడియాలు ఇప్పుడు పెట్టాను."

తర్వాత అంతా చెప్పేసింది, పొడి, గోనెపట్టాలు, తమకి స్థలం అమ్మినవాడి తొందర. అడుగుల సంగతి మాత్రం చెప్పలేదు. నజీర్ పిట్టగోడ మీద వేలు రాసి చూసుకున్నాడు. వేలికి ఏమీ అంటలేదు. అయినా నమ్మాడు. టీ తాగి, మీరు చెప్పకపోతే నా దూది బుగ్గయిపోయేది అని దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

చంటి తిట్టిన తిట్లు వీధి చివరిదాకా వినిపించాయి. ఇంక ఈ గేటు తొక్కనన్నాడు. ఆవిడ వడియాలు ఒక్కొక్కటీ తిరగేస్తూ, మాకు చేసిన పని ఇంకొకళ్లకి చెయ్యలేనంది. ఇక మాఘంలోనే బోర్డు కట్టు, కొనేవాళ్లు ఉన్నదున్నట్టు చూసి కొనుక్కుంటారంది. మాఘమంటే అడుగులు కనపడే నెలని గుర్తొచ్చి, చంటి పక్కన కూర్చుని మిగిలిన వడియాలు తిరగెయ్యసాగాడు.

రథసప్తమికి గాలి ఇంకా మళ్లలేదు. ముహూర్తాలు మొదలయ్యాయి. చంటి తగరం బోర్డు రాయించి కట్టాడు. కూర్మన్నపాలెం నుంచి ఒక బేరం వాళ్లు ఆదివారం తొమ్మిదింటికి వస్తామన్నారు. పొడి సంగతి ముందే చెబితే, ధర తగ్గిస్తే చాలన్నారు.

ఆ ఆదివారం పొద్దున్న ఏడింటికి స్కూటరు దిగేసరికి సీటు మీద నల్లటి పొర ఉంది. మంగాయమ్మ గేటు బయట, ఎదురింటి పోతమ్మ అరుగు మీద ముడుచుకుని కూర్చుంది. గాలి మళ్లుతోందని రాత్రే పసిగట్టి, తలుపు తాళం వేసి వచ్చి అక్కడే పడుకుందట. తొమ్మిదింటికి మనుషులొస్తారు, గచ్చు ఎవరో ఒకరు తుడవాలి. ఇరవై ఏళ్లు తుడిచిన మనిషి గేటు దాటలేకపోతోంది.

లేచి వచ్చి తాళంచెవి వాడి అరచేతిలో పెట్టింది.

"నువ్వు ముందెళ్లు బాబూ. వరండా అంతా తుడిచేసి, ఆ గుడ్డ ఉతికి ఆరేసి, అప్పుడు నన్ను పిలు. అడుగులున్నాయో లేవో నాకు మాత్రం చెప్పకు."