పైకి రాని ముల్లు

ఎనభైలలో హనుమకొండలో నేను రీసెర్చ్ చేసిన గదికి కిటికీ ఒక్కటే, తగాదాలు మాత్రం బోలెడు. వాటిలో ముప్పాతిక నావే.

నా పని వంటగ్యాస్ లీకును పసిగట్టే పొరలు తయారు చేయడం. ఇళ్లల్లోకి సిలిండర్లు అప్పుడప్పుడే వస్తున్నాయి, జనం వాటిని బాంబును చూసినట్టు చూసేవారు. వేడెక్కిన గాజుపలక మీద టిన్ క్లోరైడ్ ద్రావణం పిచికారీ చేస్తే టిన్ ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. దాని ముందు ఉల్లిపొర కూడా దుప్పటే. అందులో రవ్వంత పలాడియం కలిపితే వాసన పట్టడం వస్తుంది. గ్యాస్ తగలగానే పొర రెసిస్టెన్స్ తగ్గి మీటర్ ముల్లు దిగాలి. మంచి గాలి పంపగానే మళ్లీ ఎక్కాలి.

ఆ ఏడు దసరా ముందర నా ముల్లు దిగడమే తప్ప ఎక్కడం మానేసింది.

మా గైడు రెండు వారాలు ఓపిక పట్టాడు. "సోమవారం దాకా చూస్త. అప్పటికీ రాకపోతే ఈ పొరలు వదిలేసి వేరే టాపిక్ తీసుకో."

"మూడేండ్ల పని ఏ గంగల కలపమంటరు సార్?"

"గొంతు తగ్గించు. ఎగరాల్సింది ముల్లు, నువ్వు కాదు."

ఇక దొరికినవాళ్లందరినీ కడిగేశాను. వోల్టేజీని తిట్టాను, కెమికల్స్ అమ్మినవాణ్ణి తిట్టాను. చివరికి మా అటెండర్ మీద పడ్డాను. తండ్రి వయసువాడు, కాకా అనేదాన్ని.

"పలకలు సరిగ్గ కడుగుతలేవు కాకా."

"నా మూతి కన్న మంచిగ కడుగుతాన బిడ్డా."

శనివారం పొద్దున, గాలి పంపు బిగిద్దామని నేల మీద కూర్చుని హీటర్ బల్ల కింది అర తెరిచాను. పంపు గాలి లాగే రబ్బరు గొట్టాన్ని దుమ్ము పడకుండా ఆ అరలోకి దించింది మొదటి ఏడాదే, నేనే. తలుపు తీయగానే గుప్పున కల్లు వాసన.

"కాకా! తాగుడు సామాను ఇక్కడ దాస్తున్నవా?"

ఆయన నిదానంగా వంగి చూశాడు. గడ్డిలో పది సీతాఫలాలు. నల్లబడి, పగిలి, నురుగు కక్కుతున్నాయి.

"వర్ధన్నపేట బస్సు దిగొచ్చి, హీటర్ కింద వెచ్చగుంటది, జల్ది మాగుతయ్, పెట్టు కాకా అన్నదెవరు బిడ్డా?"

నేనే. పెట్టించి మరిచిపోయాను. మంచి గాలి అనుకుంటూ రెండు వారాలుగా ఆ పులిసిన ఆవిరినే పొరకు పట్టించాను. కల్లు ఆవిరైనా గ్యాసైనా దానికి ఒకటే. పాపం, అది చెప్పవలసింది చెబుతూనే ఉంది, నాకే చెవుల్లేవు.

అర కడిగి, గొట్టం కొసను కిటికీ బయటికి వేశాం. సోమవారం గైడు వచ్చి నిలబడ్డాడు. గ్యాస్ వదిలాను, ముల్లు దిగింది. గాలి వదిలాను. కదల్లేదు. అప్పుడు, చీమ గోడెక్కినట్టు ఎక్కి ఎక్కి, మొదలైన చోటికే వచ్చి ఆగింది. మూడేళ్ల బరువు దిగి, పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాను.

"ఏం మార్చినవ్?"

చెప్పాను. నవ్వుతాడనుకున్నా, నవ్వలేదు.

"టాపిక్ మార్చే పన్లేదు. ఆ గొట్టం మాత్రం మళ్ల అరల పెట్టకు."

"పండ్లు సుత సార్" అన్నాడు కాకా వెనక నుంచి.

గైడు వెళ్లాక కాకాకేదో చెప్పాలని నోరు తెరిచాను. ఆయనే ముందు అడిగాడు.

"పలకలు మంచిగ కడిగిన్నా బిడ్డా?"

"అద్దం లెక్క కడిగినవ్ కాకా."