ఇంకొక్క బస్తా

ఇమాంట్స్‌కు దేవుడి మీద నమ్మకముంది. వాతావరణ వార్తల మీద కూడా కాస్తో కూస్తో ఉంది. తాడు మీద మాత్రం లేదు. ఏ తాడును చూసినా అది తెగడానికి ముహూర్తం పెట్టుకుని కూర్చున్నట్టే ఉంటుంది ఆయనకు.

అలాంటి మనిషి చేతిలో పడింది ఊరి ఈస్టర్ ఉయ్యాల. గట్టి ఓక్ చెట్టు ఆయన పెరట్లోనే ఉంది మరి! ఈస్టర్ నాడు ఊగనివాళ్ళను వేసవంతా దోమలు పీక్కు తింటాయి. లాట్వియా దోమల రుచి చూసినవాళ్ళెవరూ ఈ మాటను మూఢనమ్మకం అనరు.

పక్కింటి బిరుతా ఆయనకు వరసకు వదిన. ఆవిడ ఆ ఉయ్యాలెక్కి ఏళ్ళయింది. అడిగితే "కళ్ళు తిరుగుతాయమ్మా" అనేది. అబద్ధం. ఆవిడ భారీ మనిషి. ఒక ఈస్టర్ నాడు ఆవిడ కూర్చోగానే కొమ్మ కిర్రుమంది. పోస్ట్‌మాన్ ఆల్విస్ ఊరుకోకుండా "చెట్టు దణ్ణం పెడుతోందర్రోయ్!" అన్నాడు. ఊరంతా పగలబడి నవ్వింది. ఆవిడా నవ్వి దిగిపోయింది, మళ్ళీ ఎక్కలేదు. ఊగాలని మాత్రం ప్రాణం కొట్టుకుపోయేది.

ఈ ఏడు పండగ ముందురోజు ఆవిడ కంచె మీదుగా చూస్తే, ఇమాంట్స్ నిచ్చెనెక్కి కొమ్మకు చెవి ఆనించి ఉన్నాడు.

"ఏమంటోంది మరిదీ?"

"బతికే ఉన్నానంటోంది వదినా. నమ్మలేం."

తాడు ఒరిసి బెరడు చెక్కుకుపోకుండా తన ఉన్ని బూట్లు కోసి కొమ్మకు చుట్టాడు. ముడేశాడు, ముడి మీద ముడేశాడు. ఉయ్యాల బల్ల మీద విత్తనపు బంగాళాదుంపల బస్తా పెట్టి ఊపాడు. కొమ్మ కిక్కురుమనలేదు.

"ఇంకొక్క బస్తా" అన్నాడు.

అలా బస్తాల మీద బస్తాలు పడ్డాయి. సాయంత్రానికి ఇంట్లో ఇనప పొయ్యి కూడా ఎక్కింది. తర్వాత ఇమాంట్స్ చూపు దూడ మీద పడింది. సంగతి దానికి అర్థమై, కొట్టం వెనక్కి జారుకుంది.

పండగనాడు చర్చి నుంచి జనం వచ్చేసరికి కూడా ఆయన ఊపుతూనే ఉన్నాడు.

"బాబాయ్, బంగాళాదుంపల్ని దోమలు కుట్టవు! మమ్మల్ని ఎక్కనీ!" అని అరిచాడు ఆల్విస్.

"ఇంకొక్క బస్తా!"

బిరుతాకు ఒళ్ళు మండింది. దగ్గరికెళ్ళి, "పిచ్చుకలంత పిల్లలు! వాళ్ళ కోసం ఇంత ఆర్భాటమా?" అంది.

ఇమాంట్స్ ముడి బిగిస్తూ, తలెత్తకుండా, నెమ్మదిగా అన్నాడు. "పిల్లల కోసమైతే నిన్న పొద్దున్నే అయిపోయేది వదినా."

ఆ వెంటనే ఆయన జనం వైపు తిరిగి గొంతెత్తాడు. "ఇన్ని బస్తాలూ పొయ్యీ కలిసి ఊగినా కొమ్మ ఉలకలేదు, పలకలేదు! ఇక ఎవరెక్కినా నవ్వడానికేం లేదు. ఒరేయ్ ఆల్విస్, వినబడిందా?"

ఆల్విస్ గబుక్కున ఒక పండగ గుడ్డు నోట్లో కుక్కుకున్నాడు.

బల్ల మీది బస్తాలూ పొయ్యీ దింపాక, బిరుతా కొంగలా ఒక్కో అడుగే వేసుకుంటూ వెళ్ళి కూర్చుంది. ఊరంతా చెవులు రిక్కించింది. కొమ్మ చప్పుడు చెయ్యలేదు. ఇమాంట్స్ మెల్లగా తోశాడు.

"ఇంకా ఎత్తుకు!"

"వదినా, తాడు..."

"తాడు సంగతి తాడు చూసుకుంటుంది! నువ్వు తొయ్యి!"

దిగాక, ఉల్లితొక్కల రంగు వేసిన గుడ్లలో అన్నిటికంటే ఎర్రనిది ఏరి ఆయన చేతిలో పెట్టింది. ఉయ్యాల కట్టినవాడికి ఇవ్వాల్సిన గుడ్డది. ఆయన దాన్ని చెవి దగ్గర ఊపి చూసుకుని గానీ జేబులో వేసుకోలేదు.

వేసవి వచ్చింది. బిరుతా హాయిగా గుమ్మంలో కూర్చుంటే, కంచె అవతల ఇమాంట్స్ వీపు గోక్కుంటున్నాడు, పిక్కలు గోక్కుంటున్నాడు.

"ఇదేం చోద్యం? ఊరందర్నీ ఊపి నువ్వు ఎక్కలేదా?"

"నా బరువుకు ఇంకా పరీక్ష కాలేదు వదినా" అన్నాడు మెడ గోక్కుంటూ.

బిరుతా లోపలికెళ్ళి, రొప్పుతూ బంగాళాదుంపలు ఈడ్చుకొచ్చింది.

"ఇదిగో, ఇంకొక్క బస్తా. పద!"