పుల్లయ్య గారి గుప్పెడు శాంపిల్

పుల్లయ్య గారు శాంపిల్ చూడనిదే దేన్నీ నమ్మరు. విజయవాడ వన్ టౌన్‌లో పప్పులూ బియ్యమూ హోల్‌సేల్‌గా అమ్మేవాళ్లందరికీ ఈ అలవాటు ఉన్నదే. బస్తాలోకి ఇనప గొట్టం గుచ్చి, జారిన గింజల్ని అరచేతిలో పోసుకుని, నాలుగు నోట్లో వేసుకుని, మిగతావి బస్తాలోనే పోసేస్తారు. పుల్లయ్య గారు మాత్రం గుప్పెడు నిండా తీసి జుబ్బా జేబులో వేసుకుంటారు. కొనడం మాత్రం ఉండదు. రోజుకి ముప్పై షాపులు, ముప్పై గుప్పెళ్లు. కుడి జేబులో పప్పులు, ఎడమ జేబులో బియ్యం. మధ్యాహ్నానికి ఆయన నడిచొస్తుంటే రెండు బస్తాల మధ్య మనిషిని ఇరికించినట్టుంటుంది.

క్షవరానికి వెళ్లినా అంతే. "ముందు ఒక పక్క మీసం కత్తిరించి చూపించవయ్యా" అని అద్దంలో పది నిమిషాలు చూసుకుంటారు. పెద్దమ్మాయి పెళ్లిచూపులకొచ్చిన కుర్రాణ్ణి, "బాబూ, ఓ అరగంట మా షాపులో కూర్చో, చూస్తాను" అన్నారు. ఆ కుర్రాడు అరగంటలో రెండు బస్తాల మినప్పప్పు అమ్మాడు. సంబంధం ఖాయమైపోయింది.

ఆయన పక్క షాపే మాది. చింతపండు వ్యాపారం. రోజూ పొద్దున్నే నా దగ్గరే మొదలెడతారు.

"ఏం చక్రీ, కొత్త సరుకా?"

"నిన్నటిదేనండీ. నిన్న చూశారుగా!"

"రాత్రికి రాత్రి మారిందేమోనయ్యా."

గుప్పెడు చింతపండు పై జేబులోకి వెళ్లిపోయేది. తెల్ల జుబ్బాకి ఆ ఒక్క జేబూ గోధుమరంగు. "పదిహేనేళ్లుగా వాళ్లింట్లో చారు మన చింతపండుతోనే కాగుతోంది" అని మా ఆవిడ భానుశ్రీ సణిగేది. నేనూ ఆయన్ని పరమ పిసినారి కిందే లెక్కేశాను.

అంతలో కరోనా వచ్చి పడింది. లాక్‌డౌన్ అన్నారు, బజారంతా షట్టర్లు దించేశారు. మూడో రోజు నాకో ఫోనొచ్చింది. చేసినవాడి పేరు నన్నే సాహెబ్. ఒకప్పుడు మా బజార్లో బస్తాలు మోసిన హమాలీ, నడుం పోయి పని మానేశాడు.

"చక్రి గారూ, పుల్లయ్య గారు ఫోనెత్తట్లేదండీ. మూడ్రోజుల్నించి శాంపిళ్లు రాలేదు."

"శాంపిళ్లతో నీకేం పని సాహెబ్?"

"మేం తినేది అయ్యేగదండీ!"

పుల్లయ్య గారి గోడౌన్ వెనక రేకుల షెడ్డులో మాణిక్యమ్మ అనే ఆవిడ ఆ గుప్పెళ్లన్నీ కలిపి వండుతుందట. బస్తాలు మోయలేని పన్నెండుమంది ముసలి హమాలీలు మధ్యాహ్నం అక్కడే తింటారట. "కందీ పెసరా శనగా అన్నీ కలుస్తాయండీ. ఆ పప్పు పేరేంటో వండినావిడక్కూడా తెలీదు" అన్నాడు సాహెబ్. ఇప్పుడు శాంపిళ్లూ లేవు, పైగా మోత పని ఆగి ఇంకో అరవైమంది హమాలీల ఇళ్లలో పొయ్యి వెలగడం లేదు.

మాస్కు కట్టుకుని పరిగెత్తాను. గోడౌన్ తలుపులు బార్లా తెరిచి, పుల్లయ్య గారు ఒంటరిగా బస్తాలు బయటికి ఈడుస్తున్నారు. జుబ్బా మేకుకి వేలాడుతోంది. ఫోను ఆ చింతపండు జేబులోనే మోగుతోంది.

"ఇదంతా మీ సొంత సరుకు కదండీ!"

"పన్నెండు రోజులకి సరిపోద్ది. ఆనక సంగతి ఆనక. ఇటు పట్టు."

పట్టాను. "మాకో మాట చెప్తే ఎప్పుడో ఇచ్చేవాళ్లం కదండీ" అన్నాను.

"ఇస్తారు, రెండ్రోజులు. మూడోనాడు మొహం చాటేస్తారు. శాంపిలంటే ఏ రోజూ ఎవడూ కాదనడయ్యా."

నాకు సిగ్గేసింది. పదిహేనేళ్ల సణుగుడంతా ఒక్కసారి గుర్తొచ్చింది.

పదో రోజుకి బస్తాలు అడుగంటాయి. ఆయన తాపీగా కూర్చుని ముప్పై షాపుల వాళ్లకీ ఫోన్లు కలిపారు. అందరికీ ఒకటే మాట. "ఇన్నేళ్లూ మీ శాంపిల్ చూశాను. సరుకు నచ్చింది. బస్తాలు పంపండి."

"డబ్బులో?" అన్నాడట ఒకాయన.

"శాంపిల్‌కి డబ్బులేంటయ్యా?"

విషయం తెలిశాక ఒక్కరూ కాదనలేదు. మర్నాడు పొద్దున్నే నలభై బస్తాలు దిగాయి. లాక్‌డౌన్ ఎత్తేసేదాకా మాణిక్యమ్మ పొయ్యి ఆరలేదు.

నేనూ రెండు బస్తాల చింతపండు తీసుకెళ్లాను. ఆయన చెయ్యి పెట్టి లోపల్నించి ఓ రెబ్బ లాగి, చప్పరించి, మొహం చిట్లించారు.

"గింజెక్కువుంది. మార్చుకురా."

"ఊరికే ఇస్తున్నానండీ బాబూ!"

"ఊరికే ఇచ్చిన గింజ పంటికింద పడదా? తినేది ముసలోళ్లయ్యా."

బస్తాలు మళ్లీ బండికెత్తాను. వెనక్కి తిరిగి చూద్దును కదా, అప్పటికే గుప్పెడు తీసి పై జేబులో కుక్కుకుంటున్నారు.

"బాగోలేదన్నారుగా, మళ్లీ ఎందుకండీ?"

"రేపు నువ్వు తెచ్చేది దీనికంటే బాగుందో లేదో చూసుకోవద్దూ?"