వింటున్నానే

మా పెదనాన్న టైలరు. కుట్టు మిషను ముందు ఎంత చురుకో, పెద్దమ్మ ముందు అంత మత్తు. భోజనమయ్యాక ఆవిడ మాట మొదలుపెట్టడం, ఈయన పడక కుర్చీలో కళ్ళు మూయడం ఒకేసారి జరుగుతాయి. నిద్రపోతున్నారా అని అడిగితే, గురక మధ్యలోంచే "వింటున్నానే" అంటాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందని పెద్దమ్మ పెళ్ళైన నాటి నుంచి వాపోతూనే ఉంది.

నేను పనిచేసే కాలేజీలో, నిద్రలో మెదడు ఎంత వింటుందో నమోదు చేసే పరిశోధనకు మనుషులు కావాలన్నారు. ఇంతకంటే తగిన మనిషి దొరకడని పెదనాన్న పేరిచ్చాను. తీర్పు వినడానికి పెద్దమ్మ కూడా బయల్దేరింది.

తలస్నానం చేసి, నూనె రాయకుండా రమ్మన్నారు. తలకు కరెంటు పెడతారేమోనని ఆయన దారంతా గొణిగాడు. లోపలికి ఏ కరెంటూ పంపబోమని, మెదడులో పుట్టే సన్నటి కరెంటునే బయటినుంచి పట్టుకుంటామని అక్కడి అమ్మాయి నచ్చజెప్పింది. టేపుతో తల చుట్టుకొలత తీసింది. ఊరందరి కొలతలూ తీసినవాడు తన వంతు వచ్చేసరికి బిగుసుకుపోయాడు. వైర్ల టోపీ తొడిగి, దాని రంధ్రాల్లో చల్లటి జెల్ నింపి, పళ్ళు బిగించకుండా, కదలకుండా కళ్ళు మూసుకుని వాలమంది. నిద్రొస్తే పోవచ్చంది. పెదనాన్నకు ఇంత నచ్చిన పని ఎవరూ చెప్పి ఉండరు.

పక్క గదిలో మేం చూస్తున్న తెరమీద ఆయన మెదడు గీతలు కాసేపటికే నెమ్మదించాయి. నిద్రపోయారని అమ్మాయి చెప్పగానే పెద్దమ్మ మొహం వెలిగిపోయింది. తర్వాత స్పీకర్లో ఆయన పేరు పెట్టి పిలిచారు. సొంత పేరు వింటే నిద్రలోనూ మెదడు ఉలిక్కిపడుతుందట. తెరమీది గీత ఉలకలేదు, పలకలేదు. మళ్ళీ పిలిచినా అంతే.

పెద్దమ్మ గెలిచింది. కానీ ఆ గెలుపు మొహంలో నిలవలేదు.

"అయితే ఇన్నేళ్ళూ గోడకే చెప్పుకున్నానా అమ్మా?" అంది ఆ అమ్మాయితో.

అప్పుడు నాకు తట్టింది, అసలు ఆయన్ని పేరుతో పిలిచేదెవరు? కొట్లో అందరికీ మాస్టారే. ఆ మాటే అమ్మాయితో అంటే, మైకు పెద్దమ్మ ముందుకు జరిపింది. ఆవిడ సిగ్గుపడుతూనే రోజూ పిలిచే పిలుపు పిలిచింది.

"ఏమండీ."

గీత ఎగిరిపడింది. ఒక్కసారైతే లెక్కలోకి రాదు, మళ్ళీ పిలవమంది అమ్మాయి. మళ్ళీ ఎగిరింది. గురక మాత్రం ఆగలేదు. పెద్దమ్మ కళ్ళు తుడుచుకుని, మైకు వదలకుండా, వెళ్ళేటప్పుడు పాలు కొనాలని కూడా చెప్పేసింది.

ఇంటికి చేరాక, అట్టలు కట్టిన జుట్టు తడుముకుంటూ పెదనాన్న టీ అడిగాడు. పాలు లేవంది పెద్దమ్మ.

"దారిలోనే చెప్పకపోయావా?"

ఆవిడ సంచీ అందుకుని, తనే గుమ్మం దిగింది.

"చెప్పానండీ. మీరు విన్నారు కూడా."